ఎంప్లాయ్‌మెంట్ ట్రిబ్యునల్‌లో అదేపనిగా కేసులు వేసేవాళ్లను సెక్షన్ 33 కింద ఆపించడం ఎలా?

బ్రిటన్‌లో ఉద్యోగ తగాదాలను విచారించే ఎంప్లాయ్‌మెంట్ ట్రిబ్యునల్‌లో కేసు వేయడానికి ఫీజు లేదు. 2013లో తెచ్చిన ఫీజులను, యునిసన్ కార్మిక సంఘం వేసిన కేసులో, అక్కడి సుప్రీంకోర్టు 2017 జూలైలో కొట్టేసింది. మంచి తీర్పు అది. జీతం ఎగ్గొట్టిన యజమాని మీద హోటల్లో వంట చేసే మనిషైనా, ఆఫీసు తుడిచే మనిషైనా చేతిలో పైసా లేకుండా కేసు వేయగలగాలి.

కానీ అదే దారిలో కోర్టుపక్షులు కూడా వస్తారు. చేరే ఉద్దేశమే లేని ఉద్యోగానికి దరఖాస్తు పెట్టి, పిలవలేదని వివక్ష కేసు వేస్తారు. ఒక చోట ఓడితే ఇంకో కంపెనీ మీద అదే కేసు వేస్తారు. అక్కడ కేర్ హోమో, రెస్టారెంటో, ఐటీ కన్సల్టెన్సీయో నడుపుకుంటున్న మన తెలుగువాళ్లకు ఇలాంటి నోటీసు అందితే వచ్చే టెన్షన్ అంతా ఇంతా కాదు. చాలామందికి తెలియని సంగతేమిటంటే, ఇలాంటివాళ్లను ఆపడానికి ఎంప్లాయ్‌మెంట్ ట్రిబ్యునల్స్ చట్టం, 1996లో సెక్షన్ 33 అనే ఏర్పాటు ఉంది. దాని కింద ఆర్డరు పడ్డవాళ్లు అనుమతి లేకుండా కొత్త కేసు వేయలేరు. దాన్ని కదిలించడానికి మీరు ఏం చేయాలో, ఏం చేయకూడదో వరసగా చెబుతాను.

ముందుగా: ఆ ఆర్డరు మీరు అడిగితే ఇవ్వరు

సెక్షన్ 33 కింద దరఖాస్తు పెట్టే అధికారం యజమానికి గానీ, ఆయన లాయరుకు గానీ లేదు. ఇంగ్లండ్, వేల్స్‌లో అటార్నీ జనరల్, స్కాట్లండ్‌లో లార్డ్ అడ్వకేట్ మాత్రమే పెట్టాలి. విచారించేది మామూలు ట్రిబ్యునల్ కాదు, దాని పైన ఉండే ఎంప్లాయ్‌మెంట్ అప్పీల్ ట్రిబ్యునల్. అందరూ ఈఏటీ అంటారు.

ఈఏటీ రెండు విషయాల్లో ఏదో ఒకటి రుజువైందా అని చూస్తుంది. ఒకటి, ఆ వ్యక్తి సరైన ఆధారం లేకుండా, అలవాటుగా, పట్టుబట్టి వేధింపు కేసులు వేస్తూ వచ్చారా? రెండు, నడుస్తున్న కేసుల్లో అలాంటి దరఖాస్తులే మీద మీద పెడుతూ వచ్చారా? కేసులన్నీ ఒకే యజమాని మీద ఉండనక్కర్లేదు, వేర్వేరు కంపెనీల మీద వేసినవీ లెక్కలోకి వస్తాయి. ఇన్ని కేసులు దాటితేనే అన్న అంకె చట్టంలో ఎక్కడా లేదు.

ఏ ప్రాంతానికి ఏ చట్టమో కూడా ముందే చూసుకోండి. నార్తర్న్ ఐర్లండ్‌లో ట్రిబ్యునళ్లు వేరు, చట్టం వేరు, అక్కడ సెక్షన్ 33 పనికిరాదు. ఇది చిన్న విషయం కాదని మన హైదరాబాదు చరిత్రే చెబుతుంది. ఇలాంటివాళ్లను ఆపడానికి మద్రాసు రాష్ట్రం 1949లో ఒక చట్టం చేసింది. అక్కడా దరఖాస్తు పెట్టేది అడ్వకేట్ జనరలే. దాని కింద జంటనగరాల్లో తరచూ కేసులు వేసే ఒకాయన మీద ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆర్డరిస్తే, 1965లో మన సుప్రీంకోర్టు దాన్ని రద్దు చేసింది. కారణం, ఆ మద్రాసు చట్టాన్ని తెలంగాణ ప్రాంతానికి విస్తరించనే లేదు! అంత పోరాటమూ హద్దుల దగ్గర కూలిపోయింది.

మొదటి మెట్టు: ఆయన నిజంగా కోర్టుపక్షేనా?

ఇక్కడ తొందరపడొద్దు. లాయరు లేకుండా వచ్చి, ఫారం తప్పుగా నింపి, కోపంగా ముప్పై పేజీల ఈమెయిల్ రాసినంత మాత్రాన ఎవరూ కోర్టుపక్షి అయిపోరు. ఓడిపోయినా కాదు. ఇద్దరు యజమానుల మీద రెండు నిజమైన కేసులు వేసినా కాదు. ఉద్యోగం పోయిన మనిషికి కోపం ఉంటుంది, ఆ కోపంలో న్యాయం కూడా ఉండొచ్చు.

కొలబద్ద కావాలంటే 2000లో ఇంగ్లండ్ జడ్జి లార్డ్ బింగామ్ ఇచ్చిన నిర్వచనం ఉంది, ఈనాటికీ జడ్జీలు దాన్నే పట్టుకుంటారు. చట్టపరంగా ఆ కేసుకు ఆధారం లేకపోవాలి, లేదా ఉన్నా లేనట్టే ఉండాలి. వేసినవారి ఉద్దేశం ఏదైనా సరే, వారికి దక్కబోయే లాభంతో ఏమాత్రం పొంతన లేనంత ఖర్చు, వేధింపు, ఇబ్బంది అవతలివాళ్లకు కలగాలి. కోర్టు ప్రక్రియను దుర్వినియోగం చేయడం అందులో ఉండాలి. ఇక ‘అలవాటుగా’ అనడానికి గుర్తు, ముందు వేసినవి ఓడిపోయినా ఆగకుండా వేస్తూనే ఉండటం.

చూడండి, ఉద్దేశం ఏదైనా సరే అన్నారు. అంటే ఆయన దుర్మార్గుడని మీరు నిరూపించనక్కర్లేదు. తన మాట నిజమని మనసారా నమ్మే మనిషి మీద కూడా ఆర్డరు పడవచ్చు. అందుకే మీ రాతల్లో ఎక్కడా ఆయన గుణగణాల జోలికి పోవద్దు, కేసులు ఏమయ్యాయో మాత్రమే రాయండి.

రెండో మెట్టు: మీ కేసును మీరు శ్రద్ధగా నడపండి

‘ఎలాగూ పసలేని కేసు, వదిలేద్దాం’ అనుకుంటే మునిగిపోతారు. ట్రిబ్యునల్ నుంచి కేసు కాపీ పంపిన రోజు మొదలు 28 రోజుల్లో మీ జవాబు, అంటే ఈటీ3 ఫారం, అందాలి. లేకపోతే మీ మాట వినకుండానే మీకు వ్యతిరేకంగా తీర్పు రావచ్చు. అవతలివారు ఇరవై కేసులు ఓడిన మనిషైనా సరే, ఈ నియమం మారదు.

జవాబు వేశాక, కేసులోనే వాడుకోవలసిన ఆయుధాలు మూడున్నాయి. 2025 జనవరి 6 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త ప్రొసీజర్ రూల్స్ ప్రకారం, 38వ రూలు కింద కేసును మొదట్లోనే కొట్టేయమని అడగొచ్చు. దీన్ని స్ట్రైక్ అవుట్ అంటారు. కేసు వేధింపు కోసమే అనో, గెలిచే అవకాశం ఏమాత్రం లేదనో చూపించాలి. అయితే వివక్ష కేసుల్లో ఇది అంత సులువుగా దొరకదు. సాక్షులను వినకుండా వివక్ష ఫిర్యాదును కొట్టేయడం మరీ స్పష్టమైన సందర్భాల్లోనే జరగాలని అప్పట్లో అక్కడి అత్యున్నత కోర్టైన హౌస్ ఆఫ్ లార్డ్స్ 2001లోనే చెప్పింది.

అందుకే నా మటుకు 40వ రూలు కింద డిపాజిట్ ఆర్డరు అడగడమే ఎక్కువ పనికొస్తుంది. ‘గెలిచే అవకాశం తక్కువ’ అని జడ్జికి అనిపిస్తే చాలు, ఒక్కో ఆరోపణకు 1,000 పౌండ్ల వరకు కట్టమనొచ్చు. ఆయన స్తోమత చూసే ఎంతో తేలుస్తారు. కట్టకపోతే ఆ ఆరోపణ పోతుంది. కట్టి, చివరికి జడ్జి ముందే చెప్పిన కారణంతోనే ఓడితే, మామూలుగా ఆ డబ్బు మీకు వస్తుంది, ఆయన ప్రవర్తన అసమంజసమని కూడా లెక్కేస్తారు.

మూడోది ఖర్చుల ఆర్డరు. అక్కడ ఓడినవారు గెలిచినవారి ఖర్చులు కట్టే పద్ధతి మామూలుగా లేదు. కానీ వేధింపుగా, అసమంజసంగా కేసు నడిపితే కట్టమనొచ్చు. వివరమైన లెక్కల విచారణ లేకుండానే 20,000 పౌండ్ల వరకు వేసే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. తీర్పు పంపిన 28 రోజుల్లోపు అడగాలి. ముందుగానే ఒక మర్యాదపూర్వకమైన హెచ్చరిక లేఖ పంపి ఉంటే మీ మాటకు బలం. ఆ లేఖలో బెదిరింపు ఉండకూడదు. కేసులో లోపం ఎక్కడుందో, ఏ తేదీలోపు విరమించుకుంటే మీరు ఖర్చులు అడగరో, స్వతంత్రంగా సలహా తీసుకోమనో రాస్తే చాలు.

ఇప్పుడు చాలామంది వదిలేసే పని చెబుతాను. జడ్జి విచారణలో నోటితో కారణాలు చెప్పి ‘కేసు కొట్టేశాను’ అంటే, గెలిచాం కదా అని ఇంటికి వెళ్లిపోకండి. రాతపూర్వక కారణాలు కావాలని అక్కడికక్కడే అడగండి. అక్కడ కుదరకపోతే తీర్పు కాగితం పంపిన 14 రోజుల్లోపు అడగండి. రేపు అటార్నీ జనరల్ చూసేది ఆ కారణాలనే. ‘కొట్టివేయడమైనది’ అన్న ఒక్క లైను ఎవరికీ ఏమీ చెప్పదు. ‘ఈ ఉద్యోగం చేసే ఉద్దేశం దరఖాస్తుదారుకు ఎన్నడూ లేదు’ అని జడ్జి రాసిన పేరా పదేళ్ల తర్వాత కూడా మాట్లాడుతుంది.

ఉత్తుత్తి దరఖాస్తుల విషయంలో ఈఏటీ మాట స్పష్టంగానే ఉంది. ఉద్యోగం మీద నిజమైన ఆసక్తి లేకుండా దరఖాస్తు పెట్టినవారు, అది రాలేదని నష్టపోయామనలేరని 2009లో చెప్పింది. వివక్ష చట్టం ఉన్నది ప్రకటనల మీద ఫిర్యాదులు చేసి ఆదాయం తెచ్చుకోవడానికి కాదని, ఆ తర్వాతి ఏడాది ఈఏటీకి అప్పటి ప్రెసిడెంట్ అయిన జడ్జి అండర్‌హిల్ అన్నారు. ఈ మాటలు మీ ఈటీ3లో ఉండాలి.

మూడో మెట్టు: రాజీ డబ్బు గురించి రెండుసార్లు ఆలోచించండి

కేసు వేయడానికి ముందు అకాస్ అనే సంస్థ రాజీ ప్రయత్నం చేస్తుంది. 2014 మే నుంచి కేసు వేసేవారు ముందుగా అకాస్‌ను సంప్రదించడం తప్పనిసరి. ఒకరోజు అకాస్ అధికారి ఫోన్ చేసి, ‘వెయ్యిన్నర పౌండ్లకు ఒప్పుకుంటానంటున్నారు’ అంటారు. మీ లాయరు ఫీజు అంతకు ఎన్నో రెట్లు అవుతుంది. పీడ వదిలించుకుందాం అనిపిస్తుంది. వ్యాపారం నడుపుకునేవాళ్లకు అలా అనిపించడం సహజం, దాన్ని నేను తప్పు పట్టను.

అయితే ఆ డబ్బుతో మీరు ఏం కొంటున్నారో తెలుసుకోండి. రాజీ అయితే తీర్పు ఉండదు. కేసు అప్పటికే వేసి ఉంటే, ‘విరమించుకున్నందున కొట్టివేయడమైనది’ అన్న ఒక్క వాక్యం మిగులుతుంది. అందులో తప్పెవరిదో లేదు, కేసులో పస ఉందో లేదో లేదు. ఇలా పదిమంది యజమానులు తలో కొంత ఇచ్చి పంపేస్తే, ఆ పది కేసులూ ఈఏటీ ముందు ఆయనకే అనుకూలంగా కనబడతాయి. ‘నా ఫిర్యాదుల్లో నిజం లేకపోతే వాళ్లెందుకు డబ్బిచ్చారు?’ అని ఆయన అడగొచ్చు, ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం. పదకొండో యజమాని, బహుశా మీలాగే ఇద్దరు ముగ్గురు ఉద్యోగులున్న మనిషి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

కాబట్టి మీ తప్పు కొంతైనా ఉంటే వెంటనే రాజీ చేసుకోండి, అది న్యాయం కూడా. ఏ తప్పూ లేదని కాగితాలు చెబుతుంటే, కనీసం డిపాజిట్ ఆర్డరు విచారణ దాకా ఆగండి. చాలా కేసుల బరువు ఎంతో అక్కడే బయటపడుతుంది.

నాలుగో మెట్టు: పాత కేసుల పట్టిక తయారు చేయండి

2017 ఫిబ్రవరి నుంచి ట్రిబ్యునల్ తీర్పులు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. పేరుతో వెతకండి. ఇంటిపేరు ముందూ వెనకా మార్చి, ఇనీషియల్స్‌తో కూడా వెతకండి. ఈఏటీ తీర్పులు విడిగా ఉంటాయి, అక్కడా చూడండి. అంతకు ముందువి కావాలంటే ఇంగ్లండ్, వేల్స్ రిజిస్టరు ఉన్న బరీ సెయింట్ ఎడ్మండ్స్‌కు రాయాలి. ఒకే పేరుతో ఇద్దరు ముగ్గురుంటారని మరవద్దు. మన పేర్ల సంగతి తెలిసిందే కదా. ఇంకొకరి కేసును ఈయన ఖాతాలో వేస్తే మీ పట్టిక మొత్తం మీద నమ్మకం పోతుంది.

పట్టికలో ఒక్కో కేసుకు ఒక్కో వరస. ఊహించి ఒక వరస రాస్తాను: కేసు నంబరు. మాంచెస్టర్ ట్రిబ్యునల్. 2022 మార్చిలో వేశారు. ప్రతివాది ఒక రిక్రూట్‌మెంట్ ఏజెన్సీ. ఆరోపణ, ఇంటర్వ్యూకు పిలవకపోవడం వయసు వివక్ష అని. డిపాజిట్ 200 పౌండ్లు వేశారు, కట్టలేదు, కొట్టేశారు. తీర్పు 14వ పేరాలో జడ్జి, దరఖాస్తులో అనుభవం గురించి రాసింది నిజం కాదన్నారు. అప్పీలు వేశారు, ఈఏటీ మొదటి పరిశీలనలోనే తిప్పికొట్టింది.

ఇలా ఉండాలి. విశేషణాలు వద్దు. గెలిచిన కేసులుంటే వాటినీ తప్పకుండా రాయండి. దాస్తే ఎలాగూ బయటపడుతుంది, అప్పుడు మీ మిగతా మాటలనూ అనుమానిస్తారు.

ఐదో మెట్టు: అటార్నీ జనరల్ ఆఫీసుకు రాయండి

లేఖ రెండు పేజీలు దాటకుండా చూసుకోండి. మీరెవరు, మీ మీద ఏ కేసు నడిచింది, ఇప్పుడేమైంది, ఈ వ్యక్తి వేసిన ఇతర కేసులు ఎన్ని మీ దృష్టికి వచ్చాయి, సెక్షన్ 33 కింద పరిశీలించమని విన్నపం. పట్టిక, తీర్పుల కాపీలు జత చేయండి. ఇంకా నడుస్తున్న కేసులుంటే విచారణ తేదీలు రాయండి.

అటార్నీ జనరల్ మీ లాయరు కాదు, ప్రజల తరఫున నిర్ణయిస్తారు. సాక్ష్యం సరిపోతుందా అని, ఆర్డరు అడగడం ప్రజాహితమా అని చూస్తారు. మీ ఒక్కరి కేసు తప్ప ఇంకేమీ దొరక్కపోతే అక్కడితో ఆగిపోయే అవకాశమే ఎక్కువ. మీరు రాసింది రేపు ఆ వ్యక్తి చేతికి రావచ్చన్న ఎరుకతో రాయండి. ఈలోగా ట్రిబ్యునల్‌లో మీ కేసు ఆగదు, గడువులు యథాతథం.

తొందర ఉంటే ఇంకో దారి ఉంది, ఖరీదైనది. నర్సుల వృత్తిని నియంత్రించే నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ తెచ్చిన కేసులో అక్కడి హైకోర్టు 2015లో, ట్రిబ్యునల్ కేసులను కూడా తన సహజ అధికారంతో అడ్డుకోగలనని తేల్చింది. అక్కడికి యజమాని నేరుగా వెళ్లొచ్చు. కానీ బారిస్టరు, హైకోర్టు ఫీజులు అన్నీ మీవే. ఒకే మనిషి ఒకే సంస్థను ఏళ్ల తరబడి వెంటాడుతున్నప్పుడు తప్ప చిన్న వ్యాపారికి నేను దీన్ని సూచించను.

ఈ మధ్యలో చేయకూడనివి

అన్నిటికంటే ప్రమాదం వాట్సాప్. ఆయన ఫొటో, పేరు మన వ్యాపారుల గ్రూపులో పెట్టి ‘ఈ మనిషిని పెట్టుకోకండి, కేసులు వేస్తాడు’ అని రాశారనుకోండి. ఇంతకు ముందు వివక్ష కేసు వేశారన్న కారణంతో ఒకరికి ఉద్యోగం నిరాకరించడం ఈక్వాలిటీ చట్టం, 2010లోని సెక్షన్ 27 ప్రకారం విక్టిమైజేషన్. అలా చేయమని ఇంకొకరిని పురిగొల్పడమూ అదే చట్టం కింద తప్పే. అంతవరకు పసలేని కేసులు వేసిన మనిషికి గట్టి కేసును మీ చేతులతో మీరే ఇచ్చినట్టవుతుంది. ఆ గ్రూపులో ఆ మెసేజ్ నమ్మి, ఒక నిజాయితీపరురాలైన నర్సుకు ఎవరో పని ఇవ్వకపోతే ఆ పాపం ఎవరిది? పేర్లు కలిసిపోయే మన సమాజంలో ఇది జరగనిది కాదు.

రిఫరెన్సు అడిగితే ఆపకండి. వీసా స్పాన్సర్‌షిప్ తీసేస్తామని బెదిరించకండి.

ఆరో మెట్టు: ఈఏటీ విచారణ, ఆ తర్వాత

అటార్నీ జనరల్ దరఖాస్తు పెడితే, ఆ వ్యక్తికి తన మాట చెప్పుకునే అవకాశం ఇచ్చాకే ఈఏటీ నిర్ణయిస్తుంది. పాత తీర్పులు సరైనవా కాదా అని మళ్లీ విచారించదు, అవి ఉన్నవి ఉన్నట్టే తీసుకుంటుంది. రెండో మెట్టులో రాతపూర్వక కారణాల కోసం అంతగా పట్టుబట్టమన్నది ఇందుకే.

ఆర్డరు పడితే మూడు పనులకు ఈఏటీ అనుమతి కావాలి: కొత్త కేసు వేయడానికి, అప్పటికే వేసిన కేసును కొనసాగించడానికి, ఏ కేసులోనైనా దరఖాస్తు పెట్టడానికి. గడువు రాస్తే అంతవరకే, రాయకపోతే శాశ్వతం. లండన్ గెజెట్‌లోనూ ఎడిన్‌బరా గెజెట్‌లోనూ ప్రచురిస్తారు. ట్రిబ్యునళ్లకే ఇది వర్తిస్తుంది, కౌంటీ కోర్టులో వేసే మామూలు సివిల్ దావాను ఇది ఆపదు.

ఇది నోరు నొక్కడం కాదా అని మీకు అనిపించవచ్చు. ఆ ప్రశ్న అప్పీల్ కోర్టు దాకా వెళ్లింది. తలుపు మూయడం లేదు, లోపలికి వచ్చే ముందు ఒకసారి చూస్తున్నాం, అంతే, కాబట్టి మానవ హక్కుల ఒడంబడికలో న్యాయమైన విచారణ హక్కునిచ్చే ఆరో అధికరణానికి విరుద్ధం కాదని అక్కడ తేలింది. రేపు ఆయనకు నిజంగానే జీతం ఎగ్గొట్టారనుకోండి, అది ప్రక్రియ దుర్వినియోగం కాదని, కేసుకు సరైన ఆధారం ఉందని చూపిస్తే ఈఏటీ అనుమతి ఇవ్వగలదు. ఇవ్వనంటే మాత్రం దాని మీద అప్పీలు లేదు.

ఆర్డరు తర్వాత కూడా మీ పేరు మీద కేసు కాపీ వస్తే, ట్రిబ్యునల్ ఆఫీసు పొరపాటున తీసుకుని ఉండొచ్చు. వెంటనే ఆర్డరు కాపీ, గెజెట్ తేదీ జతచేసి, ఈఏటీ అనుమతి ఉందా అని రాతపూర్వకంగా అడగండి, కాపీ ఈఏటీకీ పంపండి. జవాబు వచ్చేదాకా 28 రోజుల గడువు నడుస్తూనే ఉందనుకోండి, ఈటీ3 సిద్ధం చేసి వేసేయండి. అనుమతి తెచ్చుకుని వేసిన కేసైతే, ఆయన పాత చరిత్ర పక్కన పెట్టి ఆ కేసులో ఉన్న ఫిర్యాదుకు జవాబు చెప్పండి.